చౌరస్తాలో నిలబడ్డ రాయిని చదవడం ఎలా? హైదరాబాద్ యుద్ధ స్మారకాలకు ఒక కరదీపిక

కోఠీ బస్టాండు దగ్గర రోజూ వేలమంది బస్సు దిగుతారు, ఎక్కుతారు. 1857 జులై 17న, శుక్రవారం నమాజు తర్వాత, మక్కా మసీదు నుంచి కదిలిన జనం తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ వెంట ఇక్కడికే వచ్చి బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ రెసిడెన్సీయే తర్వాత కోఠీ ఉమెన్స్ కాలేజీ అయింది. ఆ పోరాటానికి గుర్తుగా బస్టాండు దగ్గర ఒక స్మారకం ఉంది. దాని ముందు నిలబడి బస్సు నంబరు చూసేవాళ్లు చాలామంది, రాయి మీదికి కళ్లెత్తేవాళ్లు తక్కువ.

ఊళ్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. చర్చి గోడల్లో పాలరాతి పలకలు, కంటోన్మెంటు వైపు పాత సమాధులు, కాలనీ మలుపులో కార్గిల్ అమరుడి విగ్రహం, ఆర్చీ మీద ఒక జవాను పేరు. వీటిని వెతికి, చదివి, నమోదు చేసి, పాడుకాకుండా చూడాలనుకునేవాళ్ల కోసం ఈ వివరాలు. మొదటే ఒక మాట. నిర్లక్ష్యం వల్ల రాయి నెమ్మదిగా అరుగుతుంది. మంచి మనసుతో చేసిన తప్పు పని వల్ల ఒక్క పూటలో పోతుంది. ఆగస్టు 15 ముందు రోజు యాసిడ్ పోసి కడగడం, అక్షరాల మీద నల్ల ఎనామెల్ పెయింటు దిద్దడం, గద్దెకు టైల్స్ అతికించడం, ఇవన్నీ ప్రేమతో చేసేవే. అందుకే వరస తప్పొద్దు: ముందు చదవండి, తర్వాత రాసుకోండి, ఆ తర్వాతే చెయ్యి వేయండి. చాలాసార్లు చెయ్యి వేయాల్సిన అవసరమే రాదు.

ఏది యుద్ధ స్మారకం?

సమాధి వేరు, స్మారకం వేరు. స్మారకం కింద ఎవరి దేహమూ ఉండకపోవచ్చు. మూసారాంబాగ్ దగ్గర గుట్ట మీద ఉన్న నల్లరాతి స్తంభం స్మారక స్తంభంలా కనిపిస్తుంది గానీ అది సమాధి. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ 1798లో చనిపోతే అక్కడ పూడ్చారు. 'మూసా రేమండ్' జనం నోళ్లలో నలిగి మూసారాం అయ్యాడు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లోని వీరుల సైనిక స్మారకం మాత్రం అచ్చమైన యుద్ధ స్మారకం. గణతంత్ర దినాన, స్వాతంత్ర్య దినాన అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్కులో ఉన్న అమరవీరుల స్తూపం 1969 ఉద్యమానిది. అది యుద్ధ స్మారకం కాదు, దాన్ని ఆ ఖాతాలో రాయకూడదు. అయితే రాయిని చూసుకునే పద్ధతి దానికీ ఇదే.

ఫారంలో నాలుగు గడులు పెట్టుకోండి: సమాధి, స్మారకం, విగ్రహం, పేరు మాత్రమే. ఆఖరి గడి హైదరాబాద్‌కు చాలా అవసరం. ఈ ఊళ్లో కొన్ని స్మారకాలకు రాయే లేదు, బస్తీ పేరే స్మారకం. ఫస్ట్ లాన్సర్, ఏసీ గార్డ్స్, గన్‌ఫౌండ్రీ, ఫతే మైదాన్, బార్కస్, ఇవన్నీ సైన్యాలు వదిలి వెళ్లిన పేర్లే. ఏసీ గార్డ్స్ అంటే నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. బార్కస్ అంటే బ్యారక్స్.

వెళ్లే ముందు సంచిలో ఏముండాలి

5 మీటర్ల టేపు, 30 సెంటీమీటర్ల స్కేలు, పెన్సిలు (వానలో పెన్ను ఇంకు కారిపోతుంది), గట్టి అట్ట ఉన్న నోటుబుక్కు, చిన్న ఎల్ఈడీ టార్చి, ఒక తెల్ల థర్మాకోల్ షీటు లేదా అట్టకు అతికించిన అల్యూమినియం ఫాయిల్, మెత్తని పెయింటు బ్రష్షు (దుమ్ము దులపడానికే), ఫోను, పవర్ బ్యాంకు. రోడ్డు మధ్యలో ఉండే స్మారకమైతే మెరిసే పట్టీలున్న జాకెట్ తప్పనిసరి.

ఒక్కరే వెళ్లొద్దు. ఫొటో తీసేవాళ్లు వెనక్కి అడుగేస్తూ పోతారు, వెనక బస్సు వస్తుందన్న ధ్యాస ఉండదు. రెండో మనిషి పని ట్రాఫిక్ చూడడమే. అతని చేతికి టేపు కూడా ఇవ్వకండి.

ఆదివారం ఉదయం 6 నుంచి 7.30 మధ్య మంచి సమయం. బండ్లు తక్కువ, ఎండ ఏటవాలుగా పడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెలుగు ఇంకా బాగుంటుంది. కంటోన్మెంటు లోపల ఉన్న వాటికి మాత్రం ముందు అనుమతి తీసుకోండి. సైనిక ప్రాంగణాల్లో ఫొటోలు తీయడం నిషేధం, డ్రోన్ మాటే ఎత్తొద్దు. చర్చిలకు ప్రార్థన అయ్యాక వెళ్లి, పాస్టరుకో కమిటీ వాళ్లకో చెప్పి మొదలుపెట్టండి. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్, బొల్లారం హోలీ ట్రినిటీ లాంటి పాత చర్చిలు సైన్యం ఉన్నచోట, సైనికుల కోసమే పుట్టినవి. అక్కడి గోడలను తొందరపడకుండా చదవాలి.

చోటు ఎలా రాయాలి

ఫోన్లో వచ్చిన అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి గానీ వాటినే నమ్ముకోవద్దు. ఫ్లైఓవరు కింద, ఎత్తైన భవనాల మధ్య అది పది ఇరవై మీటర్లు పక్కకు చూపించడం మామూలే. హైదరాబాద్‌లో అంతకన్నా గట్టి గుర్తులు ఉన్నాయి: మెట్రో పిల్లరు నంబరు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లరు నంబరు, కరెంటు స్తంభం నంబరు. దగ్గర్లోని పిల్లరు నుంచి స్మారకం గద్దె అంచు దాకా టేపుతో కొలిచి రాయండి. దుకాణం పేరు రాస్తే రెండేళ్లలో ఆ దుకాణం ఉండదు. 'ఇరానీ హోటల్ ఎదురుగా' అని రాసిన పాత నమోదులతో ఇప్పుడు ఎవరికీ ఏమీ దొరకదు.

తర్వాత అతి ముఖ్యమైన కొలత ఒకటి ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. రోడ్డు మట్టం నుంచి గద్దె మొదటి మెట్టు పైఅంచు దాకా ఎంత ఎత్తు? నాలుగు వైపులా సెంటీమీటర్లలో రాయండి. రోడ్డు మీద తారు పరిచిన ప్రతిసారీ పాతది గీకకుండా కొత్త పొర వేస్తే మట్టం పైకి వస్తుంది. మూడు మెట్ల గద్దె కొన్నేళ్లకు రెండు మెట్లదవుతుంది. అప్పుడు వాననీళ్లు రోడ్డు మీంచి జారి గద్దె మొదట్లోనే నిలుస్తాయి. రాయి కింద నుంచి తేమ పీల్చుకుంటుంది, లవణాలు పైకొచ్చి తెల్లగా పూస్తాయి, పలక అడుగు పెచ్చులుగా లేస్తుంది. ఏటా ఒకసారి ఇదే కొలత తీస్తే చాలు. 'గద్దె మునిగిపోతోంది' అని అర్జీలో రాస్తే ఎవరూ కదలరు. '2 సంవత్సరాల్లో తూర్పు వైపు మెట్టు 31 నుంచి 19 సెంటీమీటర్లకు తగ్గింది' అని రాస్తే ఇంజినీరు టేపు తెచ్చుకుని రావాల్సిందే.

ఫొటోలు

నాలుగు ముఖాలు, నాలుగు మూలలు, గద్దె, శిఖరం, చుట్టూ ఉన్న రోడ్డు. ఇది మొదటి వరస. కనీసం ఒక ఫొటోలో మనిషో స్కేలో ఉండాలి, ఎత్తు తెలియాలి. శిలాఫలకాన్ని మాత్రం ఫోను ఎత్తిపట్టి కింద నుంచి తీయకండి, అక్షరాలు మెడ సాగినట్టు వస్తాయి. రెండు మూడు మీటర్లు వెనక్కి వెళ్లి, జూమ్ రెండింతలు చేసి, ఫోను పలకకు ఎదురుగా నిటారుగా పట్టండి. వెలుతురు కొంచెం తగ్గించి తీయండి. తెల్ల పాలరాయి ఫోనును మోసం చేస్తుంది, అక్షరాలు వెలుగులో మాసిపోతాయి.

అరిగిన అక్షరాలకు ఒకే కిటుకు ఉంది, పక్క వెలుగు. టార్చిని పలకకు దాదాపు ఆనించినట్టు, 10 నుంచి 15 డిగ్రీల వాలులో పట్టండి. ఎదురుగా చూస్తే నున్నగా ఉన్న రాయి మీద చెక్కుడు గాట్లలో నీడ చేరి పేర్లు పైకి తేలతాయి. ఎడమ నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, మూడు ఫొటోలు తప్పనిసరి. ఎందుకంటే నిలువు గీతలు పక్క వెలుగులో, అడ్డగీతలు పై వెలుగులో కనిపిస్తాయి. ఒక్కటే తీస్తే ఇంగ్లిషు ఎఫ్ అక్షరం ఐ లాగా కనిపిస్తుంది, 7 కాస్తా 1 అవుతుంది. ఉత్తరానికి తిరిగిన పలక మీద నేరుగా ఎండ పడేది తక్కువ. పగలైతే ఫాయిల్ అట్టతో ఎండను దాని మీదికి మళ్లించండి, లేదంటే చీకటి పడ్డాక టార్చితో రండి.

చాక్‌పీసుతో అక్షరాలు నింపడం, పిండి రుద్దడం, తడి కాగితం అతికించి అచ్చు తీయడం, ఇవేవీ చేయొద్దు. చాక్ పొడి సన్నని పగుళ్లలో చేరితే మళ్లీ రాదు. కాగితం మీద పెన్సిలుతో రుద్ది అచ్చు తీయడం కూడా పెచ్చులు లేచే షాబాదు బండ మీద ప్రమాదమే.

రోడ్డు మీద శాశ్వతంగా నిలిపిన విగ్రహానికో స్తూపానికో ఫొటో తీసి పెట్టుకోవడానికి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. కాబట్టి అందరూ వాడుకునే ఫొటోల భాండాగారం వికీమీడియా కామన్స్‌లో పెట్టండి, అందరూ కలిసి గీసే ఆన్‌లైన్ పటం ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో గుర్తించండి. ఫోనులో ఉన్న ఫొటో ఫోనుతోనే పోతుంది.

అక్షరాలు చదవడం

ఉన్నది ఉన్నట్టు రాయాలి. వరస ఎక్కడ విరిగితే అక్కడే విరవండి, తప్పు స్పెల్లింగుంటే తప్పుగానే రాయండి. చదవలేని అక్షరానికి ఒక చుక్క, ఊహించిన అక్షరానికి కింద గీత. ఇద్దరు విడివిడిగా రాసి తర్వాత పోల్చుకోవాలి. ఒకరు చదివి వినిపిస్తే రెండోవాళ్ల కంటికి అదే కనపడుతుంది.

ఉర్దూ పలక దగ్గర తెలుగువాళ్లు తరచూ పొరపడేది అంకెల్లో. మాటలు కుడి నుంచి ఎడమకు పోతాయి గానీ అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి. ఏడు అంటే నోరు పైకి తెరిచిన కోణం, ఎనిమిది అంటే అదే బోర్లించినట్టు. సగం అరిగితే ఏది ఏదో తెలియదు. రెండుకూ మూడుకూ తేడా తల మీద ఒక్క పన్ను. సున్నా ఒట్టి చుక్క, రాయి మీది గుంట కూడా చుక్కలాగే ఉంటుంది. అందుకే సంవత్సరం ఉన్నచోట పక్క వెలుగు ఫొటోలు ఆరేడు ఎక్కువే తీయండి.

తేదీలు మూడు లెక్కల్లో రావచ్చు. క్రీస్తుశకమైతే గొడవ లేదు. హిజ్రీ అయితే సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1273 హిజ్రీకి 1856.8 వస్తుంది. అసలు ఆ సంవత్సరం 1856 సెప్టెంబరులో మొదలై 1857 ఆగస్టు దాకా నడిచింది, రెసిడెన్సీ దాడి అందులోనే. కాబట్టి ఈ లెక్క ఒక ఏడాది అటూ ఇటూ చూపిస్తుందని గుర్తుంచుకోండి. మూడోది నిజాం ప్రభుత్వం వాడిన ఫస్లీ. దీనికి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన సంవత్సరం వస్తుంది. 1357 ఫస్లీ అంటే 1947 అక్టోబరులో మొదలైనది. నెల పేరు ఆజూర్, దయ్ అని ఉంటే 590 సరిపోతుంది. ఏడాది చివర్లో వచ్చే షహ్రేవర్, మెహర్, ఆబాన్ అయితే 591 కలపాలి. హిజ్రీనీ ఫస్లీనీ కలగలిపేస్తే స్మారకం వయసు ఏడెనిమిదేళ్ల నుంచి దాదాపు పదేళ్ల దాకా తారుమారవుతుంది, దాంతో యుద్ధమే మారిపోవచ్చు.

ఫారసీ పద్యం ఉంటే ఆఖరి పాదాన్ని జాగ్రత్తగా ఫొటో తీయండి. అక్షరాలకు విలువలు కట్టి కూడితే సంవత్సరం వచ్చేలా అల్లడం అప్పటి అలవాటు. దాన్ని అనువాద యాప్ విప్పలేదు. ఉర్దూ, ఫారసీ చెప్పే టీచరుకు చూపించండి. ఒక్క అక్షరం తప్పు చదివినా కూడిక తప్పుతుంది గనుక ఫొటోయే పంపాలి, మీరు ఎత్తిరాసింది కాదు.

ఏ సైన్యం? ఇక్కడే అందరూ తడబడేది

'హైదరాబాద్' అని రాసి ఉంటే అది నిజాం సైన్యమే అనుకోవడం పెద్ద పొరపాటు. ఈ ఊరికి సంబంధించి మూడు వేరువేరు దారాలున్నాయి.

మొదటిది నిజాం సొంత సైన్యం. అందులోని హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్ (బల్లేలు పట్టే అశ్వికదళం) మొదటి ప్రపంచయుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా రంగానికి వెళ్లారు, జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడ్. 1918 సెప్టెంబరు 23న హైఫాను గెలిచిన గుర్రపుదాడి గురించి ప్రతి సెప్టెంబరులో వాట్సాప్‌లో సందేశాలు తిరుగుతాయి. ఆ దాడి చేసింది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. హైదరాబాద్ వాళ్లు అదే బ్రిగేడ్‌లో ఉన్నారు, ఆ రోజు దాడిలో లేరు. ఢిల్లీలో 1922లో నిలిపిన మూడు విగ్రహాల్లో ఒకటి మనవాళ్లది కావడం ఆ బ్రిగేడ్ మొత్తం సేవకు గుర్తు. లేని దాడిని అంటగట్టి రాస్తే వాళ్ల గౌరవం పెరగదు, మీ నమోదు మీద నమ్మకం పోతుంది.

రెండోది హైదరాబాద్ కాంటింజెంట్. జీతం నిజాంది, అధికారులు బ్రిటిష్ వాళ్లు, కేంద్రం బొల్లారం. 1903లో దీన్ని బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. అశ్వికదళంలోంచి 20వ డెక్కన్ హార్స్ వచ్చింది. 1916 జులై 14న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో, హైవుడ్ దగ్గర గుర్రాల మీద దాడికి దిగింది వీళ్లే. పదాతి దళాలు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్‌గా మారాయి, అదే 1945లో కుమావూ రెజిమెంట్ అయింది. స్వతంత్ర భారతంలో తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమ్‌నాథ్ శర్మ 1942లో కమిషన్ అందుకుని అధికారిగా చేరింది 19వ హైదరాబాద్ రెజిమెంట్లోనే. ఈ గొలుసు తెలియకపోతే, పలక మీద '19 హైదరాబాద్' అని ఉన్న సిపాయిని నిజాం కాగితాల్లో ఎన్నేళ్లు వెతికినా దొరకడు.

మూడోది సికింద్రాబాద్, తిరుమలగిరిలో మకాం వేసిన బ్రిటిష్ రెజిమెంట్లు, మద్రాసు ఆర్మీ దళాలు. చర్చి గోడల మీద కనిపించే ఇంగ్లిషు పలకల్లో చాలా పేర్లు వీళ్లవే. వాటిలో కొందరు యుద్ధంలో కాదు, కలరాతోనో జ్వరంతోనో పోయినవాళ్లు. మరణకారణం రాసి ఉంటే దాన్నీ నమోదు చేయండి.

1947 తర్వాతి జవాన్లకు హోదాయే దారి చూపిస్తుంది. సవార్ అంటే ఆర్మర్డ్ కోర్, గన్నర్ అంటే ఫిరంగి దళం, శాపర్ అంటే ఇంజినీర్లు, సిగ్నల్‌మన్, గ్రెనేడియర్, రైఫిల్‌మన్ పేర్లలోనే ఉంది. నంబరు ముందు ఐసీ అనో ఎస్ఎస్ అనో ఉంటే అధికారి, జేసీ అంటే జూనియర్ కమిషన్డ్ అధికారి. నాయక్‌కూ లాన్స్ నాయక్‌కూ తేడా ఒక హోదా. సుబేదార్‌ను నాయబ్ సుబేదార్ చేస్తే ఇంటివాళ్లకు బాధ కలుగుతుంది. పతకం పేరు పక్కన 'మరణానంతరం' ఉందా లేదా చూడండి.

పేర్లు సరిచూసుకోవడం

రెండు ప్రపంచయుద్ధాల కాలం పేర్లకు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. పేరుతో కన్నా రెజిమెంటు, చనిపోయిన తేదీతో వెతకండి. మన పేర్లను గుమస్తాలు చెవికి తోచినట్టు రాశారు, ఒకే పేరుకు నాలుగైదు స్పెల్లింగులు ప్రయత్నించాలి. ఇక్కడ కంటోన్మెంటులో చనిపోయిన సైనికుడి పేరు చెన్నైలోని మద్రాస్ వార్ సెమెటరీ స్మారకంలో కనపడితే ఆశ్చర్యపోకండి. దూరదూరాల పాత శ్మశానాల్లో చూసుకోవడానికి వీలుకాని సమాధుల పేర్లను అక్కడ ఒకచోట చేర్చారు.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో ఉండేవి స్వాతంత్ర్యం తర్వాత అమరులైన వాళ్ల పేర్లు. 1914 నాటి పేరు అక్కడ లేదని 'గుర్తింపు ఇవ్వలేదు' అని రాయకండి. పతకాలకు రక్షణ శాఖ శౌర్య పురస్కారాల వెబ్‌సైటు ఉంది. ఊరు, కుటుంబం, యూనిట్ వివరాలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగండి. కుటుంబం ఉంటే వాళ్ల అనుమతి లేకుండా ఇంటి చిరునామా, ఫోను నంబరు ఎక్కడా పెట్టొద్దు.

స్మారకం ఎప్పుడు పుట్టిందో తేలకపోతే పాత పటాలు చూడండి. 1908 మూసీ వరదల తర్వాత లియోనార్డ్ మున్ చేయించిన మున్సిపల్ సర్వే పటాల్లో ఇళ్లు, బావులు, గోడలు దాకా ఉన్నాయి. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ రెండింటికీ వెళ్లండి. ఆర్కైవ్స్‌లో అడిగేటప్పుడు 'యుద్ధ స్మారకం' అంటే ఫైలు రాదు. శాఖ పేరు, ఫస్లీ సంవత్సరం చెప్పాలి.

కడగొచ్చా?

స్మారకం ఎవరి అధీనంలో ఉందో వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా నీళ్ల చుక్క కూడా వేయకండి. అది జీహెచ్ఎంసీ కావచ్చు, హెరిటేజ్ శాఖ, కంటోన్మెంటు బోర్డు, చర్చి, కాలనీ సంఘం కావచ్చు. అనుమతి వచ్చాక కూడా మీరు చేయదగినవి నాలుగైదే.

ముందు రాయిని గుర్తుపట్టండి. మచ్చలు మచ్చలుగా, గింజలు మెరుస్తూ ఉంటే గ్రానైటు. చక్కెర గడ్డలా మెరిస్తే పాలరాయి. బూడిద రంగులో పొరలు పొరలుగా ఉంటే షాబాదు బండ. గ్రానైటు కొంత తట్టుకుంటుంది. మిగతా రెండూ సున్నపు జాతి, బాత్రూం కడిగే యాసిడ్ పడితే నురగలు కక్కి కరిగిపోతాయి. నిమ్మకాయ, వెనిగర్ కూడా యాసిడే. గ్రానైటు అయినా అతుకుల్లో సున్నం ఉంటుంది కాబట్టి యాసిడ్ దేనికీ పనికిరాదు.

బోరు నీళ్లు వాడొద్దు. హైదరాబాద్ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఆరాక బకెట్‌కు పట్టినట్టే రాయికీ తెల్లచార పడుతుంది. నల్లా నీళ్లు వాడండి, పాలరాయికైతే ఆర్వో నీళ్లు ఇంకా మేలు. ఒక చదరపు మీటరు పలకకు 5, 6 లీటర్లు చాలు. తెల్లగా ఉప్పు పూసి ఉంటే కడగకూడదు. కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తేయండి. ఉప్పు లేకపోతే స్ప్రే సీసాతో కింద నుంచి పైకి తడపండి. పైనుంచి మొదలుపెడితే మురికినీళ్లు పొడిరాయి మీద చారలు కట్టి అలాగే ఇంకిపోతాయి. మెత్తని నైలాన్ బ్రష్షుతో గుండ్రంగా, బరువు వేయకుండా రుద్ది, చివరికి పైనుంచి కిందికి కడిగేయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు. ఇనుప బ్రష్షు, ప్రెషర్ వాషర్, సర్ఫ్ పొడి ఏ రోజూ వద్దు. ఇనుప తీగ ముక్కలు రాతిలో చిక్కుకుని, వానాకాలం రాగానే తుప్పు మచ్చలవుతాయి.

పోస్టర్లు మైదా జిగురుతో అతికిస్తారు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ 20 నుంచి 30 నిమిషాలు కప్పి ఉంచండి, తర్వాత పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో నెమ్మదిగా తోయండి. చాకు, బ్లేడు వద్దు. పాన్ మరక, పెయింటు, తారు మీ పని కాదు, కన్సర్వేటరు (పాత కట్టడాలను పరిరక్షించే నిపుణుడు) పని. రాతి సందులో రావి మొక్క మొలిస్తే పీకకండి. వేరుతోపాటు రాయి కూడా కదులుతుంది. మొదట్లో కత్తిరించి, తేదీ వేసి, నిపుణులకు చెప్పండి.

ఇత్తడి, కంచు అక్షరాలను చింతపండుతో తోమొద్దు. ఇంట్లో చెంబుకు అది మంచిదే. పలక మీద మాత్రం తోమిన ప్రతిసారీ అక్షరం అంచు అరుగుతుంది, పులుపు రాతిలోకి ఇంకి పచ్చని మరక వేస్తుంది. పాత పాలరాతి పలకల్లో నల్లగా కనిపించే అక్షరాలు కొన్నిసార్లు సీసం పోసినవి. ఊడి వేలాడుతుంటే ముట్టుకోకుండా ఫొటో తీయండి. ఊడి కింద పడిన ముక్కను కవర్లో వేసి, ఎక్కడ దొరికిందో రాసి, యజమానికి అప్పగించి రసీదు తీసుకోండి.

దండల సంగతి చెప్పాలి. వేసినవాళ్ల భక్తిని కాదనలేం, కానీ దండలోని ఇనుప తీగ విగ్రహం మెడ మీద తుప్పు గీత గీస్తుంది, కుళ్లిన పూల రసం మరక వేస్తుంది. దండ వేయడానికి పక్కన విడిగా ఒక స్టాండు పెట్టించండి, లేదా మర్నాడు పొద్దున్నే తీసేసే మనిషిని ముందే ఒప్పించండి. నూనె దీపం గద్దె మీద కాకుండా పళ్లెంలో పెట్టమనండి, నూనె ఇంకిన గ్రానైటు మళ్లీ పాత రంగుకు రాదు. అక్షరాలకు రంగు దిద్దే పని ఎంతమాత్రం ఒప్పుకోకండి. పెయింటరు అరిగిన 3ని 8గా దిద్దితే, తర్వాత వచ్చేవాళ్లు 8నే నమ్ముతారు. ఆ జవాను ఐదేళ్లు ఆలస్యంగా చనిపోయినట్టు లోకానికి స్థిరపడిపోతుంది.

అర్జీ రాయడం

ఒక అర్జీలో ఒకే సమస్య ఉండాలి. ఫ్లెక్సీలు, డ్రైనేజీ, విరిగిన గ్రిల్లు మూడూ కలిపి రాస్తే అది మూడు సెక్షన్ల మధ్య తిరిగి ఎక్కడో ఆగిపోతుంది. ఇలా రాయండి:

'ఫలానా చౌరస్తాలో, మెట్రో పిల్లరు నంబరు ఫలానా నుంచి 14 మీటర్ల దూరంలో ఉన్న యుద్ధ స్మారకం ఉత్తరం వైపు గ్రిల్లు 1.2 మీటర్ల మేర విరిగి ఫుట్‌పాత్ మీదికి వంగి ఉంది. నడిచేవాళ్లకు గుచ్చుకునే ప్రమాదం ఉంది. తేదీతో ఉన్న 3 ఫొటోలు జతచేశాం. గ్రిల్లు సరిచేసేటప్పుడు రాతి గద్దెకు కొత్తగా రంధ్రాలు వేయకుండా, పాత రంధ్రాలనే వాడాలని, సిమెంటు పూయవద్దని కోరుతున్నాం.'

ఆఖరి వాక్యం లేకపోతే పని జరుగుతుంది గానీ గద్దె పోతుంది. ఏం చేయాలో చెప్పడంతో ఆగకండి, ఏం చేయకూడదో కూడా రాయండి. సున్నంతో కట్టిన దానికి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక పక్క రాయిని పగలగొడుతుంది.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగండి. స్మారకం ఏ శాఖ ఆస్తుల రిజిస్టరులో ఉంది, చివరి మరమ్మతు ఎప్పుడు, ఎంత ఖర్చయింది, ఆ రోడ్డుకు విస్తరణ ప్రతిపాదన ఉందా? ఈ నాలుగూ చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. తరచూ వచ్చే జవాబు 'మా రికార్డుల్లో లేదు' అని. నిరాశపడకండి, అది కూడా పనికొచ్చే కాగితమే. ఎవరి రిజిస్టరులోనూ లేని స్మారకాన్ని రిజిస్టరులో చేర్చమని అడగడానికి అదే ఆధారం.

పక్కనున్న చాయ్ బండి వాళ్లను, ఆటోస్టాండు వాళ్లను శత్రువులుగా చూడకండి. రాత్రి పలక ఎవరు పీకుతున్నారో, పోస్టరు ఎప్పుడు పడిందో వాళ్లకే తెలుసు. రాయి మీద ఏం రాసి ఉందో చదివి వినిపించండి. పేరు తెలిశాక గ్లాసులు కడిగిన నీళ్లు ఆ గద్దె మీద పోయడానికి మనసొప్పదు.

రోడ్డు వెడల్పు చేస్తున్నారంటే

ఇది అన్నింటికన్నా పెద్ద ప్రమాదం, టైము కూడా తక్కువ ఉంటుంది. మార్కింగ్ గీతలు పడగానే మళ్లీ పూర్తి కొలతలు, ఫొటోలు తీయండి. స్మారకాన్ని తరలించక తప్పదంటే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. విప్పే ముందు ప్రతి రాయికీ నంబరు వేసి (పెయింటుతో కాదు, కట్టిన ట్యాగుతో) ఆ నంబర్లతో బొమ్మ గీయాలి. విప్పిన రాళ్లు ఎక్కడ దాస్తారో, ఎవరి బాధ్యతో పేరుతో రాయాలి. తిరిగి నిలిపే చోటు, గడువు తేదీ విప్పకముందే ఖరారు కావాలి. విప్పే రోజు ఇద్దరు అక్కడే ఉండి, లారీ ఎక్కే ప్రతి రాయినీ నంబరు కనిపించేలా ఫొటో తీసి, లారీ నంబరు రాసుకోండి.